కంటిపాప తెలియని డిక్షనరీ: ఒక మెడికల్ యాప్ రివ్యూ

ముందే చెప్పేస్తాను, ఈ యాప్‌ని నేను డబ్బు కట్టి వాడుతున్నాను. నాలుగు నెలలైంది, దాదాపు రోజూ తెరుస్తాను. ఇంగ్లీషులో ఉన్న వైద్య సమాచారాన్ని తెలుగులోకి మార్చడం నా పని. ఆపరేషన్‌కి ముందు చదివి సంతకం పెట్టే కాగితాలు, డిశ్చార్జ్ అయ్యాక ఇంటికిచ్చే సూచనలు, మందు డబ్బాలో మడతపెట్టి ఉండే కాగితం, ఇలాంటివన్నమాట. శరీర భాగాల ఇంగ్లీషు పేర్లకి అర్థం, ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చింది, వాక్యంలో ఎలా వాడతారు, ఈ మూడూ ఒకేచోట ఇస్తాం, పైగా తెలుగులో కూడా చూపిస్తాం అంటే నాలాంటివాళ్లకి ఇంకేం కావాలి, వెంటనే ఏడాదికి కట్టేశాను. యాప్ పేరు రాయడం లేదు. ఇదే పద్ధతిలో నడిచేవి ఇంకా ఉన్నాయి, మీరు ఏది వాడుతున్నా నేను పెట్టిన పరీక్షే మీరూ పెట్టి చూసుకోవచ్చు.

పరీక్ష ఒకే ఒక్క మాటతో. ప్యూపిల్.

ఈ మాటే ఎందుకంటే, దీని దగ్గరే నాకు ఒళ్లు జలదరించింది. తలకి దెబ్బ తగిలినవాళ్లని ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే సూచనల కాగితం ఒకటి చేస్తున్నాను. మర్నాడు పొద్దున్నే ఇవ్వాలి, రాత్రి పదకొండు దాటింది, టెన్షన్‌లో ఉన్నాను, సరే కనీసం మొదటి ముసాయిదా వస్తుంది కదా అని యాప్‌లో ఉన్న తెలుగు బటన్ నొక్కుకుంటూ పోయాను. అంతా అయ్యాక పైకి చదువుతుంటే ఒక వాక్యం దగ్గర నోరు ఆగిపోయింది. "ఒక విద్యార్థి మరొక విద్యార్థి కంటే పెద్దగా ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి." ఇంగ్లీషులో ఉన్నది ఒక కంటి ప్యూపిల్ రెండో కంటి ప్యూపిల్ కంటే పెద్దదైతే అని. ఇంగ్లీషులో ఈ మాటకి కంటి నడిమధ్య నల్లటి చుక్క అనీ, బడిలో చదువుకునే పిల్ల అనీ రెండు అర్థాలు.

చదవగానే నవ్వొస్తుంది, నిజమే. కానీ ఆ కాగితం పట్టుకుని అర్ధరాత్రి మంచం పక్కన కూర్చున్న మనిషిని ఒకసారి తలుచుకోండి. తల లోపల రక్తస్రావమై ఒత్తిడి పెరిగితే మెదడు పక్కకీ కిందికీ ఒరిగి, కంటికి వెళ్లే మూడో కపాల నాడిని నొక్కేస్తుంది. అప్పుడు ఆ వైపు ప్యూపిల్ పెద్దదైపోతుంది, టార్చ్ వేసినా చిన్నబడదు. ఇంట్లో ఉన్న మామూలు మనిషి తన కళ్లతో చూసి పట్టుకోగలిగిన ప్రమాద సూచనల్లో ఇదొకటి, పైగా ఒక్కొక్క గంటకీ విలువున్న సమయం అది. ఆ వాక్యం తప్పు పడితే ఆ కాగితం ఇచ్చీ ఇవ్వనట్టే. ఆ రాత్రి నుంచి ఈ యాప్‌ని ఈ మాట దగ్గర కూర్చోబెట్టి అణువణువూ చూశాను.

మొదట అర్థం సంగతి. ఇది బాగుంది. ఐరిస్, అంటే కంట్లో రంగుగా కనబడే వలయం, దాని మధ్యలో ఉండే గుండ్రటి రంధ్రం, దాని గుండా వెలుతురు కంటి లోపలికి వెళ్తుంది అని రాశారు. రంధ్రం అన్నారు చూడండి, అక్కడే నాకు నచ్చింది. చాలా పదకోశాల్లో "కంటిలోని నల్లని భాగం" అని రాసి వదిలేస్తారు. అక్కడ భాగం ఏమీ లేదు, ఉన్నది ఖాళీ. లోపలికి వెళ్లిన వెలుతురు చాలావరకు లోపలే ఇంకిపోతుంది, మన వైపు తిరిగొచ్చేది బాగా తక్కువ, అందుకే నల్లగా కనిపిస్తుంది. లెన్స్ పక్కనే ఫ్లాష్ ఉన్న కెమెరాతో చీకట్లో ఫొటో తీస్తే ఆ నలుపు ఎర్రగా పడుతుందే, అది లోపలి పొరల రక్తం రంగు తిరిగి కెమెరాలోకి రావడం. యాప్‌లో ఒక బొమ్మ ఉంది, వేలితో వెలుతురు పెంచినా తగ్గించినా ప్యూపిల్ మారుతుంది, ఎండలో 2 మిల్లీమీటర్ల దాకా ముడుచుకుని చీకట్లో 8 దాకా తెరుచుకుంటుంది. ముడిచేది చుట్టూ ఉంగరంలా ఉన్న కండరం, తెరిచేది చక్రం ఆకుల్లా బయటికి పరుచుకున్న కండరం, రెండింటినీ వేరే రంగుల్లో వేశారు. ఇదంతా నాలుగు గీతల్లో చూపించడం తేలికేం కాదు.

ఒక్క లోటు. ఒక కంట్లో టార్చ్ వేస్తే రెండు కళ్లలోనూ ప్యూపిల్స్ చిన్నబడతాయి, డాక్టర్లు చూసేది అదే, ఆ ముక్క ఎక్కడా లేదు. బొమ్మలో ఒక్క కన్నే ఉంది మరి.

ఇక మూలం. దీనికోసమే డబ్బు కట్టినా నష్టం లేదు అనిపించింది. లాటిన్‌లో పూపా అంటే చిన్నపిల్ల, బొమ్మ. దానికి ఇంకాస్త ముద్దుగా పూపిల్లా. ఎదుటివాళ్ల కంట్లోకి దగ్గరగా చూస్తే బొమ్మంత సైజులో మన రూపమే కనబడుతుంది కాబట్టి ఆ నల్లటి చుక్కకి ఆ పేరు పెట్టారు అని రాసి ఉంది.

చదివి ఊరుకోలేకపోయాను. మా అక్క కూతురికి ఏడేళ్లు, ఇంట్లోనే ఉంది, దాన్ని కిటికీకి ఎదురుగా నిలబెట్టి గడ్డం పట్టుకుని కంట్లోకి చూశాను. మొదట కిటికీ కనబడింది, తెల్లటి నలుచదరం, మధ్యలో ఊచలు కూడా. తర్వాత దాని ముందు నల్లగా ఒక తల. నా తలే, ఆవగింజంత ఉంది, పక్కకి వంచితే అదీ వంగింది, చెయ్యి ఊపితే ఊపింది. ఆ పిల్ల కదలకుండా నిలబడి నా కంట్లోకి చూస్తూ, "పిన్నీ, నీ కంట్లో చిన్న నేను ఉన్నా" అంది. రెండు వేల ఏళ్ల కింద లాటిన్ మాట్లాడినవాళ్లు చూసింది సరిగ్గా ఇదే కదా అనిపించి చాలాసేపు ఆ పిల్ల గడ్డం వదల్లేదు.

ఆ బొమ్మ నిజానికి ప్యూపిల్‌లో లేదు, దాని ముందున్న కార్నియా, అంటే కంటి ముందు వైపు ఉండే పారదర్శకమైన పొర, దాని మీద పడుతోంది. కార్నియా ముందు వైపు ఉబ్బెత్తుగా ఉంటుంది, దాని వంపు వ్యాసార్ధం సుమారు 7.8 మిల్లీమీటర్లు, అంటే బైక్ అద్దం లాంటిదే కానీ చాలా చిన్నది. అందుకే రూపం నిటారుగానే ఉండి బాగా చిన్నదైపోతుంది. వెనకాల ప్యూపిల్ నలుపు ఉండటం వల్ల తేటగా కనబడుతుంది, అంతే. యాప్‌లో ఈ వివరణ ఒక వాక్యమైనా ఉండాల్సింది.

మూలం పేజీలో ఇంకా కిందికి వెళ్తే గ్రీకు మాట కూడా ఇచ్చారు. కోరే. దానికీ అవే రెండు అర్థాలు, అమ్మాయి, కంటి మధ్య చుక్క. రెండు ప్యూపిల్స్ సమానంగా లేకపోవడాన్ని డాక్టర్లు అనిసోకోరియా అంటారు కదా, ఆ మాట చివర్లో ఉన్నది ఈ కోరేనే. నేను పదేళ్లుగా అనిసోకోరియాని తెలుగు చేస్తున్నాను, అందులో ఒక అమ్మాయి ఉందని మొదటిసారి ఇక్కడే తెలిసింది. ఈ ఒక్క సంగతికి మూలం విభాగానికి నూటికి నూరు మార్కులు వేస్తాను.

మరి సమస్య ఎక్కడంటే, ఇంత దూరం వచ్చినవాళ్లు ఇంకొక్క అడుగు వేయలేదు. యాప్ సెట్టింగ్స్‌లో నా భాష తెలుగు అని పెట్టుకున్నాను. లాటిన్‌లో పాప, గ్రీకులో పాప అని చెప్పిన పేజీ, తెలుగులో ఏమంటారో చెప్పలేదు. మనం కంటిపాప అంటాం! కనుపాప అంటాం! అదే బొమ్మ, అదే ఊహ, అదే పోలిక. సంస్కృతంలో కనీనిక అంటే కూడా కంటిపాపే, కన్యకి చుట్టమైన మాట అది. హీబ్రూలో ఈషోన్ అంటారు, కంటిలోని చిన్న మనిషి అని దాని అర్థంగా చెబుతారు. ఇంగ్లీషువాళ్లు కూడా ఒకప్పుడు ఎదుటివాళ్ల కంట్లో కనబడే ఈ బొమ్మని బేబీ అనే పిలిచారు, ప్రేమగా కళ్లలోకి చూసుకోవడాన్ని 17వ శతాబ్దంలో బేబీలు చూసుకోవడం అనేవాళ్లు. ఇన్ని భాషల వాళ్లు ఎదుటి కంట్లోకి చూసి చిన్న మనిషిని చూశారంటే, ఒకరి దగ్గర ఒకరు అరువు తెచ్చుకున్నా తెచ్చుకోకపోయినా, కారణం మాత్రం కంటి ముందే ఉంది. తెలుగు చదివే మనిషికి "ప్యూపిల్ అంటే కంటిపాప, రెండింటికీ అర్థం పాపే" అని ఒక్క ముక్క చెప్తే చాలు, ఇంక జన్మలో మర్చిపోరు. నర్సింగ్ చదివే పిల్లలు ఈ పేర్లన్నీ కళ్లు మూసుకుని బట్టీ పడుతుంటారు, వాళ్లకి ఇది ఎంత ఉపయోగమో చెప్పక్కర్లేదు.

యాపిల్ ఆఫ్ ద ఐ అనే మాట కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఉదాహరణల్లో అది ఉంది, వివరణ లేదు. పాత ఇంగ్లీషులో కంటిపాపని కంటి యాపిల్ అనేవాళ్లు, గుండ్రటి వస్తువనుకుని. కాబట్టి మనం కంటిపాపలా చూసుకున్నాం అంటే, వాళ్లు కంటి యాపిల్ అంటే, ఇద్దరూ చెప్పేది కంట్లో ఒకే చోటు గురించి. యాప్ దీన్ని "కంటి ఆపిల్ పండు" అని తెలుగు చేసింది.

సరే, విద్యార్థి ఎక్కడి నుంచి వచ్చాడు? దీని కథ కూడా మూలం పేజీలో ఉంది, బాగానే చెప్పారు. అదే పూపా నుంచి మగపిల్లవాడికి పూపుస్, దాని నుంచి పూపిల్లుస్. రోమన్ చట్టంలో తండ్రి లేని, ఇంకా యుక్తవయసు రాని పిల్లల్ని అలా అనేవాళ్లు. వాళ్ల బాగోగులు చూసే సంరక్షకుడు ట్యూటర్. అవును, మన ట్యూషన్ మాస్టారి ట్యూటరే, మొదట ఆ మాటకి చదువుతో పని లేదు, కాపాడేవాడు అని అర్థం. ఇంగ్లీషులోకి 14వ శతాబ్దం చివర్లో వచ్చినప్పుడు కూడా ప్యూపిల్ అంటే సంరక్షకుడి కింద ఉన్న అనాథ బిడ్డే, 16వ శతాబ్దానికి గానీ గురువు దగ్గర చదువుకునేవాడు అనే అర్థం పట్టలేదు. ఇంగ్లండ్‌లో బారిస్టర్ అవ్వాలంటే సీనియర్ కింద చేసే శిక్షణని ఇప్పటికీ ప్యూపిలేజ్ అంటారు, అందులో ఆ పాత వాసన ఇంకా ఉంది. పురుగుల ప్యూపా దశ, పప్పెట్ బొమ్మ, పప్పీ అనే కుక్కపిల్ల, ఇవన్నీ కూడా ఈ ఇంటి పిల్లలే.

అంటే కంటి ప్యూపిల్, బడి ప్యూపిల్ ఒకే తల్లి పిల్లలు, కానీ ఇంగ్లీషు ఇంట్లోకి వేరే వేరే గుమ్మాల్లోంచి వచ్చారు. అందుకే జాగ్రత్తగా చేసిన డిక్షనరీలు వాటిని ఒకటి, రెండు అని అంకెలు వేసి విడివిడిగా ఇస్తాయి. ఈ యాప్ రెండింటినీ కలిపి ఒకే పేజీలో కుక్కేసింది. నాకు జరిగిన పొరపాటుకి వేరు ఇక్కడే ఉందని నా అనుమానం, పేజీ ఒకటే కావడంతో తెలుగు బటన్ ఎక్కువమంది వాడే అర్థాన్ని పట్టుకుంటోంది. మెడికల్ డిక్షనరీ అని పేరు పెట్టుకున్నాక మొదట కన్ను రావాలి, తర్వాతే బడి.

వాడుక విభాగం అన్నిటికంటే బలహీనం. పన్నెండు ఉదాహరణ వాక్యాలు ఉన్నాయి, లెక్కపెట్టాను, అందులో ఐదు బడి గురించి. మిగతా ఏడింటిలో నాలుగు కథల్లో వచ్చే రకం, ఆమెని చూడగానే అతని ప్యూపిల్స్ విచ్చుకున్నాయి అనే తరహా. పనికొచ్చేవి మూడే. ఆసుపత్రి కాగితాల్లో రోజూ కనబడే జంట మాటలు చాలావరకు లేవు. పిన్‌పాయింట్ ప్యూపిల్స్ అని రాస్తే గుండుసూది మొనంత ముడుచుకుపోయాయని, నల్లమందు జాతి మందుల మోతాదు మించినప్పుడు చూసే గుర్తు. ఫిక్స్‌డ్ అండ్ డైలేటెడ్ అంటే పెద్దవై వెలుతురుకి కదలడం లేదని, ఆ మాట రాయాల్సి వచ్చిందంటే పరిస్థితి చాలా విషమం. పెర్లా అని కేస్ షీట్లో ఆరు ఇంగ్లీషు అక్షరాల్లో రాసేది, ప్యూపిల్స్ సమానంగా, గుండ్రంగా ఉన్నాయి, వెలుతురుకీ దగ్గరి చూపుకీ స్పందిస్తున్నాయి అని చెప్పే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాల గుత్తి. వెతికితే ఫలితం సున్నా. నిజంగా ఈ మాటతో రోజూ పనిచేసేవాళ్లు రాసే రాత ఇదే, డిక్షనరీ వాడుక చూపించాల్సింది ఇక్కడ.

ఇంకొకటి, వెతుకులాటలో. ప్యూపిల్ ముడుచుకోవడాన్ని మయోసిస్ అంటారు. కణ విభజనలో ఒక రకం కూడా వినడానికి మయోసిసే, ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక్క అక్షరం తేడా. మైక్‌లో చెప్తే యాప్ ప్రతిసారీ కణ విభజనకే తీసుకెళ్తుంది, మీరు అడిగింది ఇదా అదా అని అడగదు. రెండు మాటలు వినడానికి ఒకటే అయినప్పుడు అడగడం పెద్ద కష్టమా? విచ్చుకోవడానికి మిడ్రియాసిస్ అంటారు, అది మాత్రం సరిగ్గా దొరికింది, దాని కింద బెల్లడోనా మొక్క గురించి చక్కటి పేరా ఉంది. ఇటాలియన్‌లో ఆ పేరుకి అందమైన స్త్రీ అని అర్థం, కళ్లు పెద్దవిగా మెరుస్తూ కనబడాలని ఆడవాళ్లు ఆ మొక్క రసం కళ్లలో వేసుకునేవాళ్లట, ఆ మొక్కలో ఉండే అట్రోపిన్‌ని కంటి వైద్యంలో ఇప్పటికీ వాడతారు. ఇలాంటి పేరాలు చదువుతుంటే ఈ యాప్ వెనక మాటలంటే ప్రాణం పెట్టే మనిషి ఎవరో ఉన్నారని తెలుస్తూనే ఉంటుంది. అదే మనిషికి తెలుగు వైపు కూడా అప్పజెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

ఆడియో బాగుంది, బ్రిటిష్, అమెరికన్ రెండూ ఇచ్చారు, విశేషణం ప్యూపిలరీకి కూడా. నెట్ లేకపోయినా తెరుచుకుంటుంది. సేవ్ చేసుకున్న మాటలు ఫోన్ మార్చినా పోలేదు.

ఒక్క మాటతో తీర్పు చెప్పడం న్యాయం కాదని ఇంకొన్ని చూశాను. మజిల్ అంటే లాటిన్‌లో చిట్టెలుక, చర్మం కింద కండ కదిలితే ఎలుక పరిగెత్తినట్టు ఉంటుందని, ఉంది. మోకాటి చిప్ప పటెల్లా అంటే చిన్న పళ్లెం, ఉంది, తెలుగు కూడా మోకాలి చిప్ప అని సరిగ్గానే ఇచ్చారు. చెవిలోని కాక్లియా అంటే నత్త, ఉంది. గొంతులో వేలాడే ఉవ్యులా అంటే చిన్న ద్రాక్షపండు, అదీ ఉంది. కానీ తెలుగు దగ్గర "ఉవులా" అని అక్షరాలు మార్చి పెట్టారు. కొండనాలుక అనే మాట తెలియని తెలుగువాళ్లు ఉంటారా? కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెతలో చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం. మూలం రాసేవాళ్లు ఒకరు, తెలుగు నింపేది ఏదో యంత్రం అని నాకు అర్థమైంది, ఆ యంత్రం రాసినదాన్ని తెలుగు తెలిసినవాళ్లు ఒక్కరైనా చదివినట్టు లేదు.

తప్పు చూపిస్తూ యాప్ వాళ్లకి రాశాను. ఊరికే తప్పు అనకుండా, తలకి దెబ్బ తగిలిన మనిషి కాగితంలో ఇది ఎందుకు ప్రమాదమో, తెలుగులో సరైన మాట ఏదో, కంటిపాపకి మూలం పేజీలో వాళ్లు రాసినదానికి ఉన్న బంధుత్వం ఏమిటో, అన్నీ పెట్టాను. మొదట యంత్రం పంపే థాంక్యూ వచ్చింది. పది రోజులకి ఒక మనిషే రాశారు, మర్యాదగా రాశారు, సరిచేస్తామన్నారు. తర్వాతి అప్‌డేట్‌లో ప్యూపిల్ పేజీ పైన కంటిపాప అని వచ్చింది, చూసి నిజంగా సంతోషించాను. కానీ డైలేటెడ్ ప్యూపిల్స్ అని రెండు మాటలు కలిపి అడిగితే ఇవాళ్టికీ "వ్యాకోచించిన విద్యార్థులు" అనే వస్తోంది. మాట మారింది, వాక్యం మారలేదు. అందుకే 5కి 3 ఇచ్చాను. ఆ 3 మొత్తం అర్థానికీ మూలానికీ.

మాటల పుట్టుక మీద ఇష్టం ఉన్నవాళ్లు, మెడిసిన్, నర్సింగ్ చదివేవాళ్లు తీసుకోవచ్చు, మూలం పేజీలు చదవండి. అనువాదం చేసేవాళ్లు, ఇంట్లో రిపోర్టు అర్థం చేసుకోవడానికి చూసేవాళ్లు మాత్రం సెట్టింగ్స్‌లో భాష అనే చోట వాక్యాల తెలుగు అనువాదం ఆపేయండి, ఒక్కో మాటనే విడిగా చూడండి, తెలుగులో వచ్చినదాన్ని పైకి చదవండి. నేను ఆ రాత్రి పైకి చదివాను కాబట్టి దొరికింది.

ఆ సూచనల కాగితంలో చివరికి వెళ్లిన వాక్యం ఇది, కంటిపాప అంటే కొంతమంది నల్లగుడ్డు మొత్తం అనుకుంటారని ఒక ముక్క కలిపాను: "రెండు కళ్లలోకీ చూడండి. నల్లగుడ్డు నడిమధ్యలో ఉండే చిన్న నల్లటి చుక్కే కంటిపాప. ఒక కంటిపాప రెండోదానికంటే పెద్దదిగా కనబడితే తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి."